సంతకం నాది, సర్పంచ్‌గిరీ ఆయనది

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక గ్రామ సర్పంచ్ రాసిన ఉత్తరం ఇది. ఊరి పేరు, తన పేరు వద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి, సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు ముప్ఫై రెండేళ్లు. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయి చదువు ఆగిపోయింది. ఇద్దరు పిల్లలు. భర్త పదేళ్లుగా ఊరి రాజకీయాల్లో తిరుగుతూ సర్పంచ్ కావాలని ఎదురుచూశారు. 2025 డిసెంబర్ ఎన్నికల్లో ఊరు బీసీ మహిళకు రిజర్వయింది. భార్యతో నామినేషన్ వేయించారు, ఆమె 64 ఓట్లతో గెలిచారు. ఖర్చు ఎనిమిది లక్షలు. అందులో అయిదు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. ప్రమాణ స్వీకారం తరువాత ఆమె పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది నాలుగుసార్లే. కుర్చీలో భర్త కూర్చుంటారు. పంచాయతీ ఆఫీసు పనులు చూసే కారోబార్ పుస్తకాలు ఇంటికి తెస్తే ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి సంతకాలు చేస్తారు. ఆన్‌లైన్ చెల్లింపులకు ఆమె సంతకంగా పనిచేసే డిజిటల్ కీ భర్త జేబులో ఉంటుంది. మండల వాట్సాప్ గ్రూపులో సర్పంచ్ నంబరుగా ఉన్నది కూడా భర్త నంబరే.

ఈ మధ్య ఎస్సీ వాడకు ఒక సీసీ రోడ్డు వేశారు. అంచనా 180 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం, 4 లక్షల 80 వేలు. 3 లక్షల పార్ట్ బిల్లు ఆమె సంతకంతో వెళ్లిపోయింది. మిగిలిన లక్షా 80 వేల ఫైనల్ బిల్లు తయారవుతోంది. పొదుపు సంఘం సభ్యురాలు ఒకామె వచ్చి, "అమ్మా, రోడ్డు మా ఇండ్ల దాక రానే లేదు, కాయితంల మొత్తం ఏసినట్టు ఉన్నదంట గదా" అని అడిగింది. ఈమె వెళ్లి చూస్తే రోడ్డు సుమారు 120 మీటర్ల దగ్గరే ఆగింది. కాంట్రాక్టర్ భర్త స్నేహితుడు. భర్తను అడిగితే "నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను చూస్కుంటా" అన్నారు. మూడు రోజులు ఆయన ఇంట్లో అన్నం తినలేదు, ఒకసారి ఫోన్ విసిరి కొట్టారు. అత్తగారు "మొగని పరువు బజార్ల పెడ్తవా" అన్నారు. నీకేమీ తెలియదని ఇంట్లో అంటున్నారు. ఒక వార్డు సభ్యురాలి భర్త "ఎక్కువ మాట్లాడితే అవిశ్వాసం పెడ్తం" అని బెదిరించారు. "రాజీనామా చేయనా, ఫిర్యాదు చేయనా, అయిదేళ్లు కళ్లు మూసుకోనా? ఇల్లు చెడగొట్టుకోలేను, జైలుకూ పోలేను" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, ముందు ఆ రోడ్డు లెక్క చూద్దాం. మీ భయమంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

180 మీటర్ల పొడవుకు కాంక్రీటు 81 ఘనపు మీటర్లు. 120 మీటర్లకు 54. అంటే పని మూడింట రెండు వంతులే జరిగింది. అంచనా ధరల ప్రకారమే లెక్కేసినా జరిగిన పని విలువ సుమారు 3 లక్షల 20 వేలు. ఇప్పటివరకు వెళ్లింది 3 లక్షలు. మందం, నాణ్యత సరిగా ఉన్నాయనుకుంటే, పంచాయతీ సొమ్ము ఇంకా అన్యాయంగా పోలేదు. పోబోయేది ఫైనల్ బిల్లులో. అందులో సుమారు 20 వేలే న్యాయమైనది, మిగతా లక్షా 60 వేలు వేయని రోడ్డుకు. మీరు ఇప్పటికే తప్పు చేసేశానన్న దిగులుతో ఉన్నారు, కానీ అసలు గీత మీరింకా దాటలేదు. దాటించడానికి ఒక్క సంతకం చాలు. ఆ సంతకం చేసే కీ మాత్రం మీ చేతిలో లేదు.

అందుకే నేను కుర్చీ గొడవతో మొదలుపెట్టమని చెప్పను. ఆఫీసులో ఎవరు కూర్చుంటున్నారు, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పెద్దగా ఉంది, ఊళ్లో ఎవరిని సర్పంచ్ సాబ్ అంటున్నారు అన్నవి మనసును కోస్తాయి, నిజమే. కానీ అవి నెల ఆగినా కొంప మునగదు. సంతకం ఆగదు. ముందు దాన్ని చేతికి తెచ్చుకోండి.

డిజిటల్ కీ అంటే చట్టం దృష్టిలో మీ చేతివ్రాతే. ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ ప్రకారం దాన్ని జాగ్రత్తగా తన అదుపులో ఉంచుకోవలసిన బాధ్యత ఎవరి పేరున ఇచ్చారో వారిదే. వేరొకరి చేతిలో పడితే ఆలస్యం లేకుండా జారీ చేసిన సంస్థకు తెలపాలి. తెలిపేదాకా దానితో జరిగిన ప్రతి చెల్లింపూ మీరు చేసినట్టే లెక్క. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మీ భర్తను జైలుకు పంపమని ఈ మాట చెప్పడం లేదు. "నేను చూస్కుంటా" అన్నది ఎంత ప్రమాదమో ఆయనకూ తెలియాలి. రికవరీ నోటీసు, సస్పెన్షన్ ఉత్తర్వు మీ పేరున వస్తాయి, పోలీసు కేసు పెడితే ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఆయన ఏదీ అడ్డంగా నిలబడి ఆపలేరు.

కీ ఒక్కటే తెచ్చుకుంటే సగం పనే. దాని పిన్, పంచాయతీ చెల్లింపుల వెబ్‌సైట్ ఈ-గ్రామ స్వరాజ్ లాగిన్ పాస్‌వర్డ్, ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు, ఈమెయిల్ అన్నీ ఎవరివో చూడండి. చాలా ఊళ్లలో కీ మహిళా సర్పంచ్ బీరువాలోనే ఉంటుంది, ఓటీపీ మాత్రం భర్త ఫోన్‌కు పోతుంది. మీ పేరున ఒక సిమ్ తీసుకుని, "ఇకపై సర్పంచ్ అధికారిక నంబరు ఇది" అని కార్యదర్శికి, మండల పంచాయతీ అధికారికి, ఎంపీడీవోకు కాగితం మీద రాసివ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద తేదీ, ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. చెక్కు బుక్కులో ముందే సంతకాలు చేసి ఇచ్చిన ఆకులు ఉంటే వాటి నంబర్లు రాసుకుని, అవి చెల్లించవద్దని ట్రెజరీకి లేదా బ్యాంకుకు ఉత్తరం ఇవ్వండి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలంటుంది. అంటే ఈ రోడ్డు బిల్లులో ఉపసర్పంచ్ మెడ కూడా ఉంది. ఆయనతో ఒకసారి విడిగా మాట్లాడితే మీకు తోడు దొరకవచ్చు.

ఈ ఉత్తరాలు ఇచ్చిన సాయంత్రానికే కబురు మీ ఇంటికి చేరుతుంది. కార్యదర్శే ఫోన్ చేసి చెబుతారు. అందుకని వాటికంటే ఒక రోజు ముందే మీ భర్తతో మీరే మాట్లాడండి. బయటివాళ్ల నోట వింటే అది ఆయనకు అవమానం, మీ నోట వింటే గొడవే అయినా ఇంటి గొడవ.

ఆ మాట ఎలా ఎత్తాలో మీరు అడగలేదు, కానీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైనది అదే అనిపించింది. మీ ఆయన కోపం వెనక రెండున్నాయి. ఒకటి, పదేళ్లు తిరిగి సంపాదించుకున్నాననుకున్న పదవి రిజర్వేషన్ వల్ల చేజారిందన్న బాధ. ఆ బాధ నిజమైనది, తేలిగ్గా తీసేయకండి. కానీ ఆ కుర్చీ ఆయన పేరున ఎప్పుడూ లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పటి నుంచి మూడింట ఒక వంతు తగ్గకుండా సీట్లు, అధ్యక్ష పదవులు మహిళలవి. మన రాష్ట్రంలో అది సగం. రెండోది అప్పు. అయిదు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు పదివేలు. ఆ పదివేలు ఎక్కడి నుంచి తేవాలన్నదే ఆయన్ను కాంట్రాక్టర్ వైపు నెడుతోంది. ఈ ముడి విప్పకుండా ఆయన్ను నీతిగా ఉండమంటే చెవికెక్కదు.

కాబట్టి అప్పును ముందు పెట్టి మాట్లాడండి. పిల్లలు పడుకున్నాక, అత్తగారు పక్కన లేనప్పుడు, ఒక కాగితం మీద అసలు, వడ్డీ, ఎవరికి ఎంత అని రాయండి. పొదుపు సంఘం ద్వారా స్త్రీనిధి లేదా బ్యాంకు లింకేజీ రుణం వస్తే రెండు రూపాయల వడ్డీ కంటే చాలా తక్కువలో పడుతుంది. నిబంధనల ప్రకారం మీకు అర్హత ఉందో లేదో గ్రామైక్య సంఘం లెక్కలు చూసే వీవోఏను అడగండి, సర్పంచ్ హోదాతో కాదు, సభ్యురాలిగా. ఒక పశువో, ఖాళీ జాగానో అమ్మి అసలులో సగం తీర్చగలిగితే అది కూడా పరిశీలించండి. అప్పుడు చెప్పండి: "ఎనిమిది లక్షలు పంచాయతీల నుంచి తియ్యాల్నంటే అయిదేండ్లు నా సంతకంతోని తియ్యాలె. అందుల ఒక్కటి దొరికినా పోయేది నా పేరు, ఆ తర్వాత మనిల్లు. అప్పు ఇద్దరం తీరుద్దాం. సంతకం మాత్రం చూసే పెడ్త." ఇది మీ మాటల్లో, మీ ఇంటి వరసలో చెప్పండి. కోర్టుల పేర్లు, సెక్షన్ల నంబర్లు మొదటి రోజే తేవద్దు, అవి విన్నవాడు భార్య మాట వినడు, ఎవరో నేర్పారంటాడు.

ఆయనకు చోటు కూడా చూపించండి. మండల ఆఫీసులో ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం, కరెంటు వాళ్లను పిలిపించడం, తగాదాల్లో నలుగురిని కూర్చోబెట్టడం ఆయనకు వచ్చిన పనులు. ఊరి పౌరుడిగా చేయవచ్చు. సంతకం, సమావేశ అధ్యక్షత, కాంట్రాక్టర్‌తో లావాదేవీ, ఈ మూడింటి జోలికి మాత్రం రాకూడదు. ఈ గీత ఇద్దరి మధ్యా ఒకసారి కుదిరిందంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. కుదరకపోవచ్చు కూడా. కుదరకపోయినా కీ విషయంలో వెనక్కి తగ్గకండి. ఇవ్వనంటే "నా డిజిటల్ కీ నా అధీనంలో లేదు, కొత్తది ఇచ్చేవరకు నా పేరున ఏ చెల్లింపూ చేయవద్దు" అని ఎంపీడీవోకు, జిల్లా పంచాయతీ అధికారికి (డీపీవో) రాసివ్వడమే దారి. దానివల్ల కొన్నాళ్లు సిబ్బంది జీతాలు, కరెంటు బిల్లులు కూడా ఆగుతాయి, ఊళ్లో మాట పడాల్సి వస్తుంది. తెలిసే చేయండి.

ఇక రోడ్డు దగ్గరికి. 30 మీటర్ల టేపు ఒకటి పట్టుకుని, పట్టపగలు, ఇద్దరు వార్డు సభ్యులు, ఆ వాడ వాళ్లు నలుగురు ఉండగా కొలవండి. పొడవు మొదలు నుంచి చివరి దాకా ముక్కలుగా కొలిచి కూడండి. వెడల్పు ప్రతి 20 మీటర్లకు ఒకచోట చూడండి. మందం అంచుల్లో కొలవవచ్చు, కానీ అంచున షట్టరింగ్ పెట్టి 15 సెంటీమీటర్లు చూపించి మధ్యలో పది పోసే పద్ధతి ఉంది. అనుమానం ఉంటే కోర్, అంటే రోడ్డు మధ్యలో కోసి తీసే కాంక్రీటు నమూనా, తీయించమని ఇంజినీరును అడగాలి. కొలతలు, తేదీ, ఉన్నవాళ్ల సంతకాలు ఒక తెల్లకాగితం మీద. ఫోన్లో లొకేషన్ పడేలా ఫొటోలు. కొలిచేటప్పుడు దొంగ, కాజేశారు వంటి మాట ఒక్కటి కూడా మీ నోటి నుంచి రాకూడదు. "మొత్తం పడ్డదా లేదా చూస్తున్న" అనండి చాలు.

బిల్లు మీ ముందుకు వచ్చినప్పుడు ఊరికే సంతకం ఆపి కూర్చోవద్దు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రాతలో ఏమీ లేకుండా ఆపితే "సర్పంచమ్మ కమీషన్ కోసం బిల్లు ఆపింది" అని ప్రచారం మొదలవుతుంది, అధికారులకు కూడా అదే కథ వెళుతుంది. ఫైలు మీదే రాయండి (ఎం.బుక్ అంటే ఇంజినీరు పని కొలతలు నమోదు చేసే పుస్తకం, డీఈ అంటే ఆయన పై ఇంజినీరు): "స్థలంలో 120 మీటర్లు మాత్రమే ఉన్నట్లు ఫలానా తేదీన కొలవగా తేలింది. ఎం.బుక్‌లో 180 మీటర్లు నమోదైంది. డీఈ గారితో తిరిగి కొలిపించి పంపగలరు." కింద సంతకం, తేదీ. దాని నకలు మీ దగ్గర. ఇంజినీరు ముందు రెండే దారులుంటాయి. ఉన్నదానికి ఎం.బుక్ సరిచేయడం, లేదా కాంట్రాక్టర్ చేత మిగతా 60 మీటర్లు వేయించడం. రెండోదే అయితే ఆ చివరి ఇళ్ల వాళ్లకు రోడ్డు వస్తుంది, మీ ఆయన స్నేహితుడి డబ్బు రూపాయి కూడా పోదు, మీ పేరు నిలుస్తుంది. ఇంట్లో ఈ దారినే ముందు పెట్టండి. "బిల్లు ఆపుత" అనకండి, "పని పూర్తి చేయించు, అదే రోజు సంతకం పెడ్త" అనండి.

ఇప్పటి నుంచి ఏ బిల్లయినా చదివే వరస ఒక్కటే. ఆ పనికి పంచాయతీ తీర్మానం ఉందా, నంబరు, తేదీ ఏమిటి? అంచనా, సాంకేతిక మంజూరు ఉన్నాయా? ఎం.బుక్ పేజీలో కొలతలు అంచనాతో, స్థలంతో సరిపోతున్నాయా? ఓచరులోని మొత్తం, చెక్కు మీది మొత్తం, క్యాష్ బుక్‌లోకి ఎక్కిన మొత్తం ఒకటేనా? ఏ ఖాతా నుంచి? 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టినవి, రోడ్లకు వాడదగ్గది మిగతా 40 శాతం. ముడిపెట్టిన ఖాతా నుంచి రోడ్డు బిల్లు పెడితే పని నిజాయితీగా జరిగినా ఆడిట్ అభ్యంతరం వస్తుంది. బ్లీచింగ్ పౌడర్, వీధి దీపాలు, ట్రాక్టర్ డీజిల్ వంటి చిన్న బిల్లులను తేలిగ్గా వదిలేయకండి, ఎక్కువ జారిపోయేది అక్కడే. దీపాలకు స్టాక్ రిజిస్టరు, డీజిల్‌కు లాగ్ బుక్ అడగండి. ఎన్ని దీపాలు వచ్చాయి, ఏ స్తంభానికి ఏ రోజు పెట్టారు, ట్రాక్టర్ ఎన్ని ట్రిప్పులు తిరిగింది అన్నది రాసి ఉండాలి. ఇంట్లో వంటగ్యాస్ ఎన్నాళ్లు వస్తుందో లెక్క తెలిసిన మనిషికి ఇది కొత్త విద్య ఏమీ కాదు.

పుస్తకాలు ఇంటికి రావడం ఆగాలి. "సోమవారం నుంచి ఉదయం పది నుంచి పన్నెండు వరకు ఆఫీసులో ఉంటాను, రికార్డులు అక్కడే చూసి సంతకం చేస్తాను" అని కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి. రోజూ కుదరకపోతే వారానికి మూడు రోజులు పెట్టుకోండి, కానీ చెప్పిన రోజు తప్పొద్దు. పిల్లల బడి వేళకు సరిపోయే సమయం ఎంచుకోండి. మొదటి రోజు మీ ఆయన కుర్చీలో ఉంటే లేవమని అనకండి. పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని కూర్చుని, పుస్తకం మీ ముందు పెట్టమని కార్యదర్శికి చెప్పండి. నాలుగు రోజులు పుస్తకాలన్నీ మీ ముందుకే వస్తే, వచ్చినవాళ్లు కూడా మీ వైపే తిరుగుతారు.

సమావేశాల్లో ఒక తేడా తెలుసుకోండి, వాదన వచ్చినప్పుడు ఇదే అక్కరకొస్తుంది. గ్రామసభ ఓటర్లందరిదీ. మీ భర్త అక్కడికి రావచ్చు, ప్రశ్న అడగవచ్చు, అందరితో పాటు కింద కూర్చుని. పంచాయతీ పాలకవర్గ సమావేశం మాత్రం ఎన్నికైన వాళ్లది. అందులో ఆయనకు గానీ, ఇతర మహిళా సభ్యుల భర్తలకు గానీ చోటు లేదు. సభ్యుల్లో సగం మంది మహిళలే కదా, వాళ్ల బదులు ఎవరు వస్తున్నారో కూడా చూడండి. ఒక్క మీ ఆయన్ను బయటికి పంపితే అది మొగుడూ పెళ్లాల పోట్లాట. "సమావేశానికి సభ్యులే హాజరు కావాలి, హాజరు పట్టికలో సభ్యులే స్వయంగా సంతకం చేయాలి" అని తీర్మానం చేస్తే అది పంచాయతీ నియమం. మహిళా సభ్యులతో ముందే వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడి ఈ తీర్మానం పెట్టండి.

పాలకవర్గం నెలకోసారి, గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. 2018 చట్టం ప్రకారం వరుసగా రెండుసార్లు గ్రామసభ జరపకపోతే సర్పంచ్ పదవే పోతుంది. ఈ తేదీలు మీ ఆయనకో కార్యదర్శికో వదలకండి, క్యాలెండర్ మీద మీరే రాసుకోండి. జరగని సభను జరిగినట్టు ఇంటికి తెచ్చిన తీర్మానాల పుస్తకంలో సంతకం చేయడం అన్నిటికంటే ప్రమాదం. ఎందుకంటే తరువాత ఆ సభకు వచ్చామని చెప్పేవాళ్లు ఊళ్లో ఒక్కరూ ఉండరు.

అవిశ్వాసం సంగతి మనసులోంచి తీసేయండి. సర్పంచ్‌ను ఎన్నుకున్నది ఓటర్లు నేరుగా. వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టగలిగేది ఉపసర్పంచ్ మీద, మీ మీద కాదు. వాళ్లు చేయగలిగిందల్లా తీర్మానాలకు అడ్డుపడటం, కలెక్టర్‌కు ఫిర్యాదు చేయడం. విచారణ జరిపి సస్పెండ్ చేసే, తొలగించే అధికారం కలెక్టర్‌కు ఉంది. ఆ విచారణలో మిమ్మల్ని కాపాడేది మీరు ఫైలు మీద రాసిన ఆ రెండు వాక్యాలే.

మీరు అడిగిన మూడు దారుల మాట. కళ్లు మూసుకోవడం అన్నిటికంటే సుఖంగా కనిపిస్తుంది. ఈ ఇంట్లో రేపు ఉదయం గొడవ ఉండదు. కానీ ఆడిట్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పటికి ప్రతి ఓచరు మీదా మీ సంతకం ఉంటుంది. తేలిన మొత్తం బాధ్యుల నుంచి రెవెన్యూ బకాయి మాదిరిగా వసూలు చేసే వీలుంది. భర్త చెప్పాడు, నాకు తెలియదు అన్నది అక్కడ సమాధానం కాదు. పైగా ఇప్పుడు మీకు తెలుసు. ఈ-గ్రామ స్వరాజ్‌లో ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులు ఎవరైనా చూడవచ్చు, మేరీ పంచాయత్ యాప్‌లో మీ ఊరి పేరు కొడితే చాలు. ఆ పొదుపు సంఘం సభ్యురాలి కొడుకు చూసే ఉంటాడు.

రాజీనామా చేస్తే కొత్త సంతకాల భారం దిగుతుంది, పాత సంతకాల బాధ్యత దిగదు. ఉపఎన్నిక దాకా ఉపసర్పంచ్ చూస్తారు. ఫైనల్ బిల్లు అప్పుడు వెళ్లిపోతే మీ పార్ట్ బిల్లు సంతకం కూడా ఆ విచారణలోకి వస్తుంది, జవాబు చెప్పుకోవడానికి మీ చేతిలో రికార్డులు ఉండవు. ఆరోగ్యమో, ప్రాణభయమో ఉంటే తప్ప ఈ రోడ్డు తేలకుండా రాజీనామా మంచిది కాదు. తేలాక, నిజంగా వద్దనిపిస్తే, అది తలవంపు ఏమీ కాదు.

ఫిర్యాదు ఎవరి మీద, దేని గురించి అన్నది తేల్చుకోకుండా వెళ్లకండి. "నా భర్త పెత్తనం చేస్తున్నాడు" అని డీపీవోకు రాస్తే మొదటి షోకాజ్ నోటీసు మీకే రావచ్చు, అధికారం ఇతరులకు ఎందుకు వదిలారని. ఎం.బుక్‌లో తప్పు కొలత గురించి రాస్తే అది ఇంజినీరింగ్ విభాగం జవాబు చెప్పాల్సిన విషయం అవుతుంది. రెండో రకంతో మొదలుపెట్టండి. భర్తల పెత్తనం గురించి పైన కూడా కదలిక ఉంది. 2023లో సుప్రీంకోర్టులో ఈ విషయం వచ్చాక కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక సలహా సంఘం వేసింది. అది 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక, మహిళల బదులు పెత్తనం చేసినట్టు రుజువైన భర్తలు, బంధువులకు గట్టి శిక్షలుండాలని సూచించింది. అది సిఫారసు మాత్రమే, దాన్ని చూపించి ఎవరినీ బెదిరించలేరు. 2025 మార్చిలో మహిళా ప్రజాప్రతినిధుల శిక్షణకు సశక్త్ పంచాయత్ నేత్రి అభియాన్ కూడా మొదలైంది. మీ మండలంలో శిక్షణ పెడితే మీ పేరు ఇవ్వమని ఎంపీడీవోను మీరే అడగండి. బస్సులో ఇంకో ఇద్దరు మహిళా సర్పంచ్‌లతో కలిసి వెళ్లండి. అక్కడ దొరికే ఆ ఇద్దరి ఫోన్ నంబర్లు శిక్షణ పుస్తకం కంటే ఎక్కువ పనికొస్తాయి.

అన్యాయంగా తొలగిస్తే కోర్టులు చూస్తూ ఊరుకోవు. ఛత్తీస్‌గఢ్ జష్‌పూర్ జిల్లా సజ్‌బహార్ గ్రామ యువ సర్పంచ్‌ను పనుల ఆలస్యం నెపంతో తొలగిస్తే, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, ఆమెను వేధించినందుకు రాష్ట్ర ప్రభుత్వం లక్ష రూపాయలు చెల్లించాలని చెప్పింది. న్యాయవాదికి డబ్బు లేదన్న దిగులు వద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద మహిళలందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు నేరుగా వెళ్లవచ్చు. ఇది చదివే ఎస్సీ, ఎస్టీ సర్పంచ్‌లు ఉంటే వాళ్ల కోసం ఒక మాట. ఇతర కులాల వాళ్లు మిమ్మల్ని విధులు చేయనీయకుండా అడ్డుకున్నా, బెదిరించినా అట్రాసిటీ నిరోధక చట్టం 3(1)(ఎం) కింద అది నేరం.

మీకు ఏమీ తెలియదని ఇంట్లో అంటున్నారని రాశారు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద 2004లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, మహిళలకు రిజర్వయిన చోట్ల తాగునీటి మీద ఎక్కువ పనులు జరిగాయని తేలింది. ఎందుకంటే బిందె మోసేది ఎవరో వాళ్లే నిర్ణయించారు. మీ దగ్గరికి ఆ రోడ్డు మాట తెచ్చింది కూడా ఒక పొదుపు సంఘం మహిళే, మీ ఆయన దగ్గరికి తేలేదు. ఆ బలాన్ని పట్టుకోండి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ సర్పంచ్ ఫాతిమా బీ 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అవార్డు అందుకున్నారు. ఆమె వెనక నిలిచింది పొదుపు సంఘాల మహిళలే. గ్రామైక్య సంఘం నెలవారీ సమావేశానికి ప్రతిసారీ వెళ్లండి. పెద్దరికంగా కాదు, చాప మీద కూర్చుని, ఏ వీధిలో నల్లా రావడం లేదో రాసుకోండి. గ్రామసభకు వాళ్లు వస్తే మీరు ఒంటరిగా మాట్లాడాల్సిన అవసరం ఉండదు.

ఫోన్ విసిరికొట్టారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేను వదలలేను. కీ అడిగిన రోజు అది ఇంకా పెరగవచ్చు. ఆ రాత్రి ఇంట్లో మీ తరఫు మనిషి ఒకరు, అన్నో అమ్మో, ఉండేలా చూసుకోండి. పిల్లల సర్టిఫికెట్లు, మీ ఆధార్, గెలిచిన ధ్రువపత్రం నకళ్లు పుట్టింట్లో ఒక సెట్ పెట్టండి. చెయ్యి చేసుకుంటే, ఇంట్లోంచి పొమ్మంటే, 181కి ఫోన్ చేయండి. జిల్లా సఖి కేంద్రంలో ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద ఇంట్లోనే ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, దానికోసం విడాకులు తీసుకోనక్కర్లేదు. సర్పంచ్ ఇంటి సంగతి బయటపడితే ఎలా అని ఆగొద్దు. అత్తగారి మాట కూడా ఇందులో లెక్కలోకి రాదు.

ఇవన్నీ ఒకేసారి చేయలేరు. ఈ వారం రెండే చేయండి. ఫైనల్ బిల్లు ఏ దశలో ఉందో కార్యదర్శిని ఫోన్లో కాదు, ఆఫీసుకు వెళ్లి అడగండి. ఆ రాత్రే మీ ఆయనతో అప్పు కాగితం ముందు పెట్టుకుని కీ అడగండి. రోడ్డు కొలవడం వచ్చే వారం, ఆ చివరి ఇళ్ల వాళ్లు పత్తి పనుల నుంచి ఇంటికొచ్చే వేళ చూసుకుని వెళ్లండి, వెలుతురు ఉండగానే.